'అమ్మ'లో ఎన్ని అక్షరాలు?

"ఆర్ట్స్ పిల్లలకి ప్రోగ్రామింగ్ ఎక్కదండీ" అనే మాట స్టాఫ్‌రూముల్లో తరచు వింటుంటాను. అందులోనూ ఆడపిల్లలైతే ఇక చర్చే ఉండదు. సాహిత్యంలో పరిశోధన చేసిన నాకు ఆ 'ఎక్కదు' అన్న మాట మీదే అనుమానం. లోపం పిల్లల బుర్రలో ఉందా, చెప్పే పాఠంలో ఉందా?

1946లో లోకానికి చూపించిన ఎనియాక్ కంప్యూటర్‌కి ప్రధాన ప్రోగ్రామర్లుగా పనిచేసిన ఆరుగురూ ఆడవాళ్ళే. అప్పట్లో అది గుమాస్తా పని కింద లెక్క. జీతమూ గౌరవమూ పెరిగేకొద్దీ మగవాళ్ళ విద్య అయింది. ఈ చరిత్ర చెప్పకుండా "భయపడకండమ్మా" అంటే ఏం లాభం?

అమెరికాలోని హార్వీ మడ్ కాలేజీ 2006లో అమ్మాయిల్ని కాక, మొదటి కోర్సుని మార్చింది. జావా తీసేసి పైథాన్ పెట్టారు. ముందే ప్రోగ్రామింగ్ వచ్చినవాళ్ళకీ, కొత్తవాళ్ళకీ వేరే సెక్షన్లు చేశారు. కంప్యూటర్ సైన్స్ విద్యార్థుల్లో 10 శాతం దగ్గరున్న అమ్మాయిలు కొన్నేళ్ళలోనే 40 శాతం దాకా చేరారు.

మా బి.ఏ. అమ్మాయిల్లో చాలామంది తెలుగు మీడియం వాళ్ళు. ఇంట్లో కంప్యూటర్ ఉన్నా అది తమ్ముడిది. ప్రధాన సంఖ్యలు కనుక్కునే ప్రోగ్రాం రాయమంటే, "మాకెందుకు మేడమ్ ఇది?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. ఒకమ్మాయైతే ఆ పేపరే మానేస్తానంది.

కంప్యూటర్ లెక్చరర్‌తో మాట్లాడి, వాళ్ళు అమ్మమ్మల దగ్గర రాసుకొచ్చిన రోకటి పాటల్ని టైపు చేయించాం. ఏ మాట ఎన్నిసార్లొచ్చిందో పైథాన్‌తో లెక్కపెట్టించాం. మధ్యలో ఎవరో 'అమ్మ' పొడవెంతని అడిగితే అది 4 అంది. "రెండక్షరాలే కదా!" ల్యాబంతా ఒకటే గొడవ. అ, మ, పొల్లు, మళ్ళీ మ. యూనికోడ్ లెక్కలో నాలుగు. మనం ఒక్కటిగా పలికే 'మ్మ' యంత్రానికి మూడు ముక్కలు. తప్పు తమది కాదని, యంత్రానికి తెలియనిది తమకి తెలుసని ఆ పిల్లలు గ్రహించారు. గుణింతాలూ ఒత్తులూ కలిపి అక్షరాలు సరిగ్గా లెక్కపెట్టే ప్రోగ్రాం కోసం వారం రోజులు కుస్తీ పట్టారు. పేపర్ మానేస్తానన్న అమ్మాయి అందరికంటే ముందు రాసి చూపించింది.

దీంతో ఉద్యోగాలొస్తాయని నేను మాట ఇవ్వలేను. కానీ ఇవాళ యంత్రాలు మన భాషని చదువుతున్నాయి, రాస్తున్నాయి కూడా. మన అక్షరాన్ని అవెలా చూడాలో తేల్చే చోట, అమ్మమ్మ పాట తెలిసిన ఆడపిల్ల ఉండొద్దా?