ఎర్రలోయ దాకా రోడ్డు దారి

ఖరగ్‌పూర్ అనగానే ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైన ప్లాట్‌ఫారమే గుర్తొస్తుంది. బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే కొలువులకు వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలకు సొంతూరి దారంటే రైలే. కానీ కిటికీలోంచి చూసి వదిలేసే అందాల దగ్గర ఆగాలంటే 16వ నంబరు జాతీయ రహదారి పట్టాల్సిందే.

శ్రీకాకుళం నుంచి బయల్దేరితే పెద్ద మజిలీ చిలికా. పూడికతో కుంచించుకుపోతున్న ఈ సరస్సుకు 2000లో సముద్రంలోకి కొత్త ముఖద్వారం తవ్వాక ప్రాణం లేచొచ్చింది. బాలాసోర్ దగ్గర పక్కకు మళ్లితే చాందీపూర్. ఆటు వేళ సముద్రం ఐదు కిలోమీటర్ల దాకా వెనక్కి తగ్గుతుంది. తడి ఇసుకపై ఎంత దూరమైనా నడవొచ్చు, పోటు ఎప్పుడొస్తుందో ముందే కనుక్కుంటే.

ఖరగ్‌పూర్ దాటి మేదినీపూర్ మీదుగా ఉత్తరాన వెళ్తే గడ్‌బేటా దగ్గర గన్‌గని. శిలాబతి ఒడ్డున వాననీరు, నది కలిసి ఎర్రనేలను కోసి మలిచిన లోయ. బకాసురుణ్ని భీముడు మట్టుబెట్టింది ఇక్కడేనంటారు స్థానికులు. ‘బెంగాల్ గ్రాండ్ క్యాన్యన్’ అన్న పేరూ ఉంది. తేడా ఒక్కటే. అమెరికా లోయది రాయి, ఇక్కడిది చాలావరకు మెత్తటి మన్ను. ప్రతి వానకూ కొంత కరుగుతుంది. మనల్ని రప్పించే అందమే ఆ నేలకు నష్టం. అంచులెక్కి ఫొటోలు దిగే అడుగులూ ఆ కోతకు తోడే. అందుకే మెట్లదారి విడవకండి.