వంటగది వైపు నుంచి

దళితుడికి మంత్రాల కథలెందుకు అని అడిగేవాళ్లు బయటే కాదు, మనలోనూ ఉన్నారు. కారంచేడు (1985), చుండూరు (1991) నెత్తురు ఇంకా ఆరలేదు, నువ్వు మంత్రాలు, మంత్రదండాలు చదువుకుంట కూసున్నవా అని ఉద్యమంలో ఉన్న మిత్రుడొకాయన నన్ను నిలదీసిండు. ఆయన కోపం నాకు అర్థమవుతుంది. కానీ మంత్రాల కథ మనకు కొత్తదా? భూమి పుట్టకముందే పుట్టిన జాంబవుడి కథ మాదిగవాడల్లో రాత్రుళ్లు నడిపించింది డక్కలోళ్లు, చిందోళ్లు కాదా? ఊరు మనల్ని చివరన పెడితే, ఆ కథ మనల్ని అందరికన్నా ముందు పెట్టింది. లేని లోకాన్ని ఊహించకుండా ఉన్న లోకాన్ని కాదనడం ఎట్ల? గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో 2016 జనవరి 17న ప్రాణం తీసుకున్న వేముల రోహిత్ కార్ల్ సాగన్ లాగా సైన్సు రచయిత కావాలనుకున్నవాడు. మన పిల్లల కన్ను చుక్కల దాకా పోవద్దనేది ఎవరి చట్టం?

నేను పనిచేసే సర్కారు బడి ఆ గచ్చిబౌలికి దగ్గర్లోనే ఉంది. పిల్లల తల్లుల్లో చాలామంది హైటెక్ సిటీ టవర్లలో హౌస్‌కీపింగ్ పనికి, అపార్ట్‌మెంట్లల్లో ఇంటిపనికి పోతరు. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి ఇటుకంత లావు ఇంగ్లీషు పుస్తకం తెచ్చింది. "మేడమ్ వాళ్లు పాత పేపర్లల్ల ఏసిన్రు సార్. పిల్ల చదువుతదని తెచ్చిన" అన్నది వాళ్లమ్మ. అది ‘హ్యారీ పాటర్ అండ్ ది ఆర్డర్ ఆఫ్ ది ఫీనిక్స్’. జె.కె. రౌలింగ్ రాసిన ఏడు పుస్తకాల్లో అయిదోది, 2003 జూన్ 21న వచ్చింది. ముందు నాలుగూ లేకుండానే మొదలుపెట్టిన. మనకు ఏ చదువైనా నడుమల నుంచే కదా దొరికేది! తర్వాత నాలుగోది, ఏడోది ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పూట కొనుక్కున్న.

చదివినోళ్లందరూ హ్యారీ వెంట పోతరు. నేను వంటగది దగ్గర ఆగిపోయిన. హాగ్వర్ట్స్ అనే ఆ మంత్రాల బడిలో వందకు పైగా ఎల్ఫులు ఉన్నారు. వండుతారు, ఊడుస్తారు, పొయ్యి రాజేస్తారు. ఎవరి కంటా పడరు. కంటపడకపోవడమే మంచి ఎల్ఫు గుణమట. జీతం లేదు. ఒంటికి చుట్టుకున్న తువ్వాలు మీద బడి ముద్ర. యజమాని బట్ట ఇస్తేనే విముక్తి. ఈ బతుకుకు మన దగ్గర పాత పేరే ఉంది: వెట్టి. మా తాత దొర గడిలో చేసింది అదే.

వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను 1998 నవంబర్‌లో ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించిండు. ఇప్పుడు ఈ అద్దాల మేడల్లో మా పిల్లల తల్లులు చేసేది వెట్టి కాదు, జీతం వస్తుంది. కానీ వీపు మీద ఏజెన్సీ పేరు ఉంటది. సార్లు రాకముందే తుడిచి పక్కకు జరగాలె. వాళ్లు పనిచేసే ఒక అపార్ట్‌మెంట్‌లో పనోళ్లకు వేరే లిఫ్టు. సర్కారు కొలువుల్లో ఎస్సీలకు 15 శాతం రిజర్వేషన్ ఉంది, నేను ఆ దారినే వచ్చిన. ప్రైవేటు కంపెనీ గేటు కాడ ఆ దారి ఆగిపోతది. మాప్ కర్రకు మాత్రం మనకు రిజర్వేషన్ అడగకుండానే దొరుకుతది.

ఎల్ఫుల మీద జాలిపడేది హెర్మయొనీ అనే పిల్ల. నాలుగో పుస్తకంలో (2000) వాళ్ల కోసం సంఘం పెడుతుంది. అయిదో పుస్తకంలో ఉన్ని టోపీలు అల్లి, చెత్త కింద దాచిపెడుతుంది. ఊడ్చేటప్పుడు తెలియకుండా ముట్టుకుంటే విముక్తి అయిపోతారని! ఎల్ఫులకు అది అవమానమై ఆ వైపు రావడమే మానేస్తారు. అందరి పనీ అప్పటికే విముక్తుడైన డాబీ ఒక్కడి మీద పడుతుంది. ఈ భాగం తెలుగులో చెప్తుంటే ఆ పిల్లే లేచి అడిగింది: "టోపీలు అల్లెటప్పుడు వాళ్లను ఒక్కమాట అడిగిందా సార్?"

మనమీద జాలిపడ్డ హరిజనోద్ధారకులందరికీ వెయ్యాల్సిన ప్రశ్న ఇది. 1927లో మహద్ చెరువు నీళ్లు ఎవరో దోసిట్లో పోస్తే తాగినవి కావు. అంబేద్కర్ ముందు నడిస్తే వేలమంది తామే పోయి తాగారు.

అదే పుస్తకంలో క్రీచర్ అనే ముసలి ఎల్ఫు ఉన్నాడు. అతని ముందుతరం ఎల్ఫుల తలలు యజమాని ఇంటి గోడకు బిగించి ఉంటాయి. తన తల కూడా అక్కడికి ఎక్కాలని అతని కోరిక. మంత్రాలు లేని ఇంట్లో పుట్టిన హెర్మయొనీని మురికి రక్తమని తిట్టేవాళ్లలో ఇతనూ ఒకడు. తన కోసం టోపీలు అల్లే పిల్లను బానిసే అంటరానిదంటున్నాడు! బాబాసాహెబ్ చెప్పిన అంచెలంచెల అసమానత ఇదే కదా. పైవాడు తొక్కుతున్నా, తన కింద ఇంకొకరు ఉన్నారన్న తృప్తి మనిషిని లేవనియ్యదు. మాలమాదిగల నడుమ గోడలు చూసినవాళ్లకు క్రీచర్ కొత్తవాడు కాదు.

మంత్రుల భవనంలో బంగారు బొమ్మల ఫౌంటెన్ ఉంటుంది. మంత్రగాణ్ణి ఎల్ఫు భక్తితో తలెత్తి చూస్తుంటుంది. కథ చివర జరిగే పోరులో ఆ బొమ్మలు పగిలిపోతాయి. ఆ ఫౌంటెన్ చెప్పింది అబద్ధమని బడి పెద్ద డంబుల్‌డోర్ ఒప్పుకుంటాడు. "మా పనామె మా ఇంట్ల మనిషే" అనే మాట విన్నప్పుడల్లా నాకు ఆ బొమ్మలే యాదికొస్తాయి.

2007లో వచ్చిన ఏడో పుస్తకంలో ఎల్ఫులు వంటింటి కత్తులు పట్టుకొని యుద్ధానికి వస్తారు. చదువుతుంటే ఒళ్లు పులకరించింది. కానీ ముందు నడిచే క్రీచర్ నోట్లో ఉన్నది యజమాని పేరే. ఎల్ఫులు తమ కోసం తాము కూడి మాట్లాడుకున్న పేజీ నేను చదివిన మూడింట్లో ఎక్కడా లేదు. వంటగది తలుపు రౌలింగ్ కొద్దిగా తెరిచింది. లోపల కూర్చుని రాసే పని ఆమెది కాదు.

అందుకే మా తరగతిలో పిల్లలకు రాతపని ఇచ్చిన: టోపీ చేతికి తగిలిన రాత్రి ఎల్ఫులు వంటగదిలో ఏం మాట్లాడుకున్నారో రాయండి. ఆ పిల్ల రాసింది చిన్నదే. ఎల్ఫులందరూ పొయ్యి ఆర్పేసి కూర్చుంటారు. ముందు జీతం సంగతి తేల్చమంటారు. టోపీల సంగతి తర్వాత.