మగ్గం ఆపి విన్న నాటకం

రేడియోలో నాటకముందంటే మా నాయన మగ్గం ఆపేవాడు. ఎమ్మిగనూరులో మగ్గం ఆగిందంటే ఆ పొద్దు కూలి తగ్గినట్టే. కానీ నాడె టకటకలాడుతుంటే గురజాడ ‘కన్యాశుల్కం’లో గిరీశం మాట ఒక్కటీ చెవిన పడదు కదా! పిల్లలకు ఆ సెలవు లేదు. రాట్నం ముందు కూచుని కండెలు చుడుతూనే వినాల. దారం తెగి ముడేసుకునే లోపల ఒక నవ్వు దాటిపోయేది.

1948లో మొదలైన విజయవాడ కేంద్రం మాకు దూరం. 1963లో వచ్చిన కడప కొంచెం నయం. పొద్దుమునిగితే రెండింటి మీదా ధార్వాడ కన్నడం వచ్చి పడేది. దానికెవరూ విసుక్కోలేదు. 1953 దాకా మా ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలోదే. ఆదోని పత్తి మార్కెట్టు దగ్గర టీ హోటల్లో కూచుంటే తెలుగు, కన్నడం, ఉర్దూ కలిసే వినబడేవి.

చిలకమర్తి ‘గణపతి’ని మేం చదవలేదు, విన్నాం. గణపతంటే మాకు నండూరి సుబ్బారావు గొంతే. చూపు పోయాక పుస్తకాలు చెప్పి రాయించిన రచయిత చిలకమర్తి. ఆయన కథను చెవులతో అందుకోవడం న్యాయంగానే ఉంది. నిజం చెప్పాలంటే సగం నవ్వు కథకు కాదు, ఆ కోస్తా యాసకు. వాళ్ల దీర్ఘాలు పట్టుకుని వారమంతా వీధిలో వెక్కిరించేవాళ్లం.

‘కన్యాశుల్కం’ వచ్చినప్పుడు గిరీశం కోతలకు మా జేజి కూడా పొట్ట పట్టుకుని నవ్వింది. కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి లుబ్ధావధాన్లకు అంటగడుతుంటే, వేషం కనబడదు గనక మాకు ఇంకా తమాషా. పెళ్లికూతురి బేరం దగ్గరికొచ్చేసరికి జేజి నవ్వు ఆపింది.

“ఏమిరా అంత నవ్వు? నన్ను కూడా ఓలి ఇచ్చే కదా మీ తాత తెచ్చుకునింది” అనింది.

నాయన ఏమీ అనలేదు. రేడియో కట్టేయనూ లేదు.

నవ్వునే ఎక్కువ వినిపించినందుకు రేడియో వాళ్లను తప్పుపట్టను. ఆ నాటకం మొత్తం ఆడితే తెల్లారిపోతుంది. కుదించేటప్పుడు హాస్యం సులువుగా మిగులుతుంది, ఏడుపుకు వ్యవధి కావాల. పైగా నవ్వు లేకుంటే ఆ నాటకం మా మగ్గం గుంట దాకా వచ్చేదే కాదు. అయితే విని వదిలేయకండి, పుస్తకం కూడా తెరవండి. 1897 నాటి తొలి ముద్రణకు గురజాడ ఇంగ్లీషులో రాసిన ముందుమాట చదవండి. విజయనగరం మహారాజు విశాఖ జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన శుల్కం పెళ్లిళ్లకు, అంటే ఓలి పెళ్లిళ్లకు, జాబితా తీయిస్తే 1,034 తేలాయి. అయిదేళ్ల పెళ్లికూతుళ్లు 99 మంది. ఏడాది పిల్లలు ముగ్గురు, ఒక్కొక్కరి వెల 350 నుంచి 400 రూపాయలు.