నూటయాభై లీటర్ల కాపురం

మోటార్‌హోమ్ అనగానే రీల్స్‌లో చూసే సూర్యాస్తమయం, చేతిలో కాఫీ కప్పు గుర్తొస్తాయి. కాఫీ నిజమే. ఆ కప్పు ఎన్ని నీళ్లతో కడగాలో మాత్రం ఏ రీల్‌లోనూ చూపించరు.

మొన్న జనవరిలో నేనూ, మా ఆవిడా ఒక మోటార్‌హోమ్ అద్దెకి తీసుకుని అమెరికాలోని ఆరిజోనా ఎడారిలో నాలుగు వారాలు ఉన్నాం. ఊరి పేరు క్వార్ట్‌జ్‌సైట్. ఫీనిక్స్ నుంచి పడమరగా దాదాపు 200 కిలోమీటర్లు. జనాభా రెండున్నర వేలు కూడా ఉండదు. చలికాలం వచ్చిందంటే మాత్రం మంచు రాష్ట్రాల నుంచి వచ్చే బళ్లతో ఎడారి నిండిపోతుంది. ఇలా వచ్చేవాళ్లని ‘స్నోబర్డ్స్’ అంటారు. ఎక్కువమంది రిటైరైనవాళ్లే.

ఊరికి దక్షిణాన ‘లా పోసా’ అనే ప్రభుత్వ స్థలం ఉంది. సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా అక్కడ బండి పెట్టుకుని ఉండొచ్చు. మేం వెళ్లినప్పుడు 14 రోజుల పర్మిట్‌కి 40 డాలర్లు. రెండు తీసుకున్నాం. బండి నిలిపిన చోటికి కరెంటూ రాదు, కుళాయీ ఉండదు. గులకరాళ్ల నేల, అక్కడక్కడా పొదలు, అంతే.

మా బండికి మూడు ట్యాంకులు. మంచినీళ్లకి 150 లీటర్లది. సింకు, స్నానం నీళ్లు చేరేది ‘గ్రే’ ట్యాంకు. టాయిలెట్‌ది ‘బ్లాక్’ ట్యాంకు. దేన్నీ నేల మీద వదలకూడదు.

మొదటిసారి నింపిన నీళ్లు మూడో రోజుకే అయిపోయాయి. తలంతా సబ్బుతో నేను నిలబడి ఉంటే పంపు ఉత్తినే గురగురమంది! ఆ తర్వాత బుద్ధొచ్చింది. ఒళ్లు తడుపుకుని షవర్ ఆపడం, సబ్బు రాసుకున్నాక మళ్లీ తిప్పడం. పప్పు గిన్నెని ముందు టిష్యూతో తుడిచి, బియ్యం కడిగిన నీళ్లతో ఓసారి తొలిచి, చివర్లో మంచినీళ్లు. వేడినీళ్లు వచ్చేలోపు కారే చన్నీళ్లని పట్టి కుక్కర్‌లోకి. ఇలా చేస్తే అవే 150 లీటర్లు వారం వచ్చాయి.

కరెంటుదీ అదే కథ. సోలార్ ప్యానెళ్లే దిక్కు. ఎండ బాగా ఎక్కాకే చట్నీకి మిక్సీ. రాత్రి హీటర్ ఫ్యాను ఎక్కువ తిరిగితే పొద్దున మీటింగ్‌కి ల్యాప్‌టాప్ చార్జింగ్ కష్టం. బట్టలు వారానికోసారి ఊళ్లో లాండ్రీలో.

ఇవన్నీ సరదాగానే నేర్చుకున్నాం. బ్లాక్ ట్యాంకు దగ్గరే ఆగిపోయాను. డబ్బులిస్తే ఎవరైనా చేస్తారా అని పక్క బండి పెద్దాయన్ని అడిగా. ‘బండి వచ్చి తోడేస్తుంది. కానీ పది నిమిషాల పనికి మనిషెందుకు?’ అన్నాడాయన, నిజంగానే అర్థం కానట్టు. డెబ్భై దాటిన మనిషి. నాకు చూపించడానికి తనే వచ్చాడు.

దానికోసం ఇల్లు మొత్తం సర్దాలి. పొయ్యి మీది కుక్కర్ దించి, అరలకి గడియలు పెట్టి, ఇంటితో సహా డంప్ స్టేషన్‌కి వెళ్లాలి. గ్లవ్స్ వేసుకుని, లావుపాటి గొట్టాన్ని బండికీ నేలలోని రంధ్రానికీ బిగించి, ముందు బ్లాక్ వాల్వ్ లాగాలి. అది ఖాళీ అయ్యాక గ్రే వదిలితే ఆ సబ్బునీళ్లే గొట్టాన్ని కడిగేస్తాయి. నిజంగానే పది నిమిషాలు పట్టింది.

గొట్టం పట్టుకుని నిలబడితే, మా ఊళ్లో ఇల్లు గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు సెప్టిక్ ట్యాంకు నిండితే ఇద్దరు మనుషులు బకెట్లతో వచ్చారు. అమ్మ కిటికీలన్నీ మూసింది. పని అయ్యాక నానమ్మ వాళ్ల దోసిళ్లలోకి, తగలకుండా, ఎత్తు నుంచి నీళ్లు పోసింది. అలా మనుషుల్ని ట్యాంకుల్లోకి దింపకూడదని 2013లో చట్టం వచ్చింది. మా ఇంట్లో దాని గురించి ఎప్పుడూ మాట్లాడుకున్నట్టు గుర్తులేదు. ఇక్కడ నా చేతికి గ్లవ్స్ ఉన్నాయి, మధ్యలో గొట్టం ఉంది. పైగా అది మా ఇద్దరిదే. అయినా అంత వెనకాడాను.

మొదటి వారం అమ్మ ఫోన్ చేసి ‘ఏం చేస్తున్నావురా?’ అంటే ‘వాకింగ్‌లో ఉన్నా’ అన్నాను. చివరి వారం ఉన్నదున్నట్టు చెప్పేశాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘చేతులు బాగా కడుక్కున్నావా?’ అంది.

‘కడుక్కున్నా. అమ్మా, అప్పుడు మనింటికి వచ్చారే ఇద్దరు, వాళ్ల పేర్లేంటి?’

అమ్మకి తెలీదు. నాన్నని అడిగింది. ఆయనకీ తెలీదు.