జావా మీద హార్స్‌లీ కొండకు

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. మదనపల్లె వాళ్లకు హార్స్‌లీ కొండ అల్లాంటి పెరటి చెట్టే. ఎక్కడెక్కడి జనమో వచ్చి చూసిపోయే ఆ కొండ మీదికి మా ఇంట్లో ముప్ఫయి అయిదేళ్లపాటు ఎవరూ వెళ్లలేదు. దారి సుమారు 30 కిలోమీటర్లు. బస్సులున్నాయి, కార్లున్నాయి. వెళ్లకపోవడానికి కారణం దూరం కాదు. మా పశువుల కొట్టంలో గోనెపట్టాల కింద నిలబడి ఉన్న ఒక జావా మోటారుసైకిలు.

మా నాయన హైస్కూల్లో సైన్సు అయ్యవారు. 1968లో ఆ బండి కొన్నారు. జావా అన్నది చెకోస్లవేకియా పేరు. జానెచెక్ అనే ఆయన 1929లో వాండరర్ అనే జర్మన్ కంపెనీ మోటారుసైకిలు నమూనాను కొని, తన పేరులోని మొదటి అక్షరాలకు దాని మొదటి అక్షరాలు కలిపి ఆ పేరు పెట్టాడు. 1961 నుంచి మైసూరులో ఆ బళ్లు తయారయ్యాయి. మైసూరు మా మదనపల్లెకు పరదేశమేమీ కాదు గదా! అందుకని ఆ ముదురు ఎరుపు బండి మా ఇంటికి పుట్టింటి నుంచి వచ్చిన ఆవులాగానే వచ్చింది. మైసూరు ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. అప్పటికి ఏడేళ్ల ముందే మా ఇంట్లో జావా ఆగిపోయింది.

1989 వేసవిలో ఒక ఆదివారం నాయన, అమ్మను వెనక కూర్చోబెట్టుకుని కొండకు బయలుదేరారు. ఘాటు రోడ్డు మలుపులో ఇసుక పడి ఉన్నది. బండి జారింది. నాయనకు గీరుకుపోయింది, అమ్మకు కుడిచెయ్యి విరిగింది. నేనప్పుడు ఉద్యోగరీత్యా బెంగుళూరులో ఉన్నాను. వచ్చి చూసేసరికి అమ్మ చేతికి పిండికట్టు, బండికి గోనెపట్టా. ఆ తరవాత నాయన మోటారుసైకిలు ఎక్కలేదు, కొండ మాట ఎత్తలేదు.

2024లో ఉద్యోగ విరమణ చేసి ఇల్లు చేరాను. కొట్టం శుభ్రం చేయిస్తూ బండి సంగతి అడిగితే, ఎనభై నాలుగేళ్ల మా నాయన పేపరు మీంచి తల ఎత్తకుండానే, “పాతసామాన్లవాడికి ఇచ్చెయ్‌రా” అన్నారు. లోపలి నుంచి అమ్మ, “ఇస్తే ఊరుకోను” అన్నది. ఇద్దరిలో ఎవరి మాట వినాలో మా ఇంట్లో అందరికీ తెలుసు.

బెంగుళూరు రోడ్డులో పాతబళ్లు చూసే ఒక పెద్ద సాయిబు ఉన్నారు. ఆయన వచ్చి గోనెపట్టా తీసి, బండి చుట్టూ ప్రదక్షిణం చేసి, “ఇంజిను చచ్చిపోలేదప్పా. నిద్రపోతా ఉండాది” అన్నారు. నేను ఉత్సాహంకొద్దీ కిక్కు మీద కాలు పెట్టబోతే నా చెయ్యి పట్టుకుని ఆపారు. ఏళ్ల తరబడి నిలిచిన ఇంజిన్లో పిస్టను రింగులు సిలిండరు గోడకు తుప్పుతో అతుక్కుని ఉంటాయట. బలంగా తంతే రింగులు విరుగుతాయి. ఆయన ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలో డీజిలూ ఇంజినాయిలూ కలిపి కాస్త పోసి, “రెండు దినాలు దీని జోలికి పోవద్దండి” అని వెళ్లిపోయారు. మూడోనాడు బండిని గేరులో వేసి వెనక చక్రాన్ని పసిబిడ్డ ఉయ్యాలలాగా ముందుకూ వెనక్కూ ఆడించారు. ఎక్కడో లోపల చిన్న నిట్టూర్పులాంటి చప్పుడు. పిస్టను కదిలింది.

ఇక అసలు పని. ట్యాంకులో పాత పెట్రోలు ఎండి బంకై కూర్చున్నది. గుప్పెడు నట్లూ, కిరసనాయిలూ పోసి కుదిపితే ఎర్రటి తుప్పు నీళ్లు దిగాయి. కార్బురేటరులో సన్నటి ఇత్తడి జెట్టు పూడుకుపోయి ఉంటే, తీగతో పొడవనివ్వకుండా గాలి కొట్టించారు. తీగ పెడితే రంధ్రం పెద్దదై లెక్క తప్పుతుందట. పాయింట్లు తుడిచి, వాటి మధ్య అర మిల్లీమీటరుకన్న తక్కువ సందు పెట్టారు. ఈ రెండు స్ట్రోకుల ఇంజిన్లో పెట్రోలూ గాలీ కలిసి ముందు కింది గదిలోకి పోయి, ఆ తరవాతే పైకి వెళతాయి. ఆ గది నుంచి గాలి పోకుండా కాపలా కాసే రబ్బరు సీళ్లు మాత్రం గట్టిపడి పెచ్చులు లేచాయి. వాటిని మార్చక తప్పలేదు. ఇప్పటి పెట్రోలులో ఇథనాలు కలుస్తున్నది. పాత రబ్బరు దానికి ఓర్చుకోదని పెట్రోలు గొట్టం కూడా కొత్తది వేశారు. “బండి తిరిగి పాడయ్యేదానికన్నా, నిలిచి పాడయ్యేదే జాస్తి” అన్నారాయన.

ఈ ఇరవై రోజులూ నాయన వరండాలో కుర్చీని కొట్టం వైపు వీపు పెట్టి వేసుకున్నారు.

కిక్కు కొట్టే రోజు వచ్చింది. జావాకు కిక్కూ గేరూ ఒకటే కడ్డీ. లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కు, వదిలితే గేరు. నేను కొట్టాను, మా అబ్బాయి కొట్టాడు, సాయిబుగారు కొట్టారు. చెమటలు పట్టాయిగాని చప్పుడు లేదు. అప్పుడు వరండాలోంచి, వెనక్కి తిరక్కుండానే, తరగతిలో అడిగినట్టు ప్రశ్న వచ్చింది:

“కార్బురేటరు మీద బొత్తాం నొక్కినారా? పెట్రోలు పొంగల్లా!”

ఎవరమూ నొక్కలేదు. నాయన కర్ర పట్టుకుని వచ్చారు. వంగి, వణికే వేలితో బొత్తాం నొక్కారు. పెట్రోలు పొంగింది. “ఇప్పుడు కొట్రా.” రెండో కిక్కుకు బండి తుమ్మింది, దగ్గింది, రెండు సైలెన్సర్లలోంచి నీలిపొగ కక్కి పట్‌పట్‌మని అందుకున్నది. అమ్మ గరిటెతోనే వాకిట్లోకి వచ్చేసింది. నాయన పొగవంక చూసి, “నూనె ఎక్కువ పోసినారు. లీటరుకు 40 మిల్లీలీటర్లు చాలు” అని మళ్లీ వెళ్లి కూర్చున్నారు. ఈసారి కుర్చీ కొట్టం వైపు తిరిగి ఉన్నది.

రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు కాగితాలు సరిచేసుకుని, నవంబరులో ఒక ఉదయం బయలుదేరాం. నేను బండి మీద. వెనక కారులో మా అబ్బాయి, అమ్మా, నాయనా. నాయన చదివిన బి.టి. కాలేజీ ముందునుంచి తిప్పాను. 1919లో రవీంద్రులు మదనపల్లెకు వచ్చి జనగణమనకు ఇంగ్లీషు అనువాదం రాసింది ఆ కాలేజీలోనే. టమాటా లారీలను తప్పించుకుంటూ అంగళ్లు దాటేసరికి, రాతిగుండ్లు పేర్చినట్టున్న కొండల మీద ఎండ పడింది. ఘాటు మొదలయ్యాక ఇంజిను వేడెక్కితే చెట్టునీడన పది నిమిషాలు ఆపాను. మనిషికైనా కొండ ఎక్కేటప్పుడు ఊపిరి కావాలి గదా!

ఒక మలుపులో వెనక కారు ఆగింది. నాయన దిగారు. ఇప్పుడక్కడ ఇసుక లేదు, నున్నటి రోడ్డు. ఆయన మాత్రం ఆనాటి ఇసుకే చూస్తున్నారు కాబోలు. అమ్మ పక్కకు వచ్చి, కుడిచెయ్యి చాచి, వేళ్లు ఆడించి చూపింది.

“ఇది మూడు నెలల్లో అతుక్కుంది. మీరే ఇన్నేళ్లు కట్టు విప్పలేదు” అన్నది.

నాయన జవాబు చెప్పలేదు. ఆ చెయ్యి పట్టుకునే కారెక్కారు.

సుమారు నాలుగు వేల అడుగుల ఎత్తున ఉన్న ఈ కొండను పూర్వం ఏనుగు మల్లమ్మ కొండ అనేవారు. మల్లమ్మ అనే పిల్లను ఏనుగులు సాకాయని కథ. తరవాత కడప కలెక్టరుగా ఉండిన హార్స్‌లీ దొర వేసవి విడిదికి ఇక్కడ బంగళా కట్టుకోవడంతో ఆ పేరు స్థిరపడింది. పైన నీలగిరి చెట్ల వాసన. గాలిబండ మీద నిలబడితే పైటా పంచా నిలవనివ్వని గాలి.

తిరుగు ప్రయాణానికి ముందు అమ్మ, “చదునుగా ఉన్నంత దూరం నన్నొకసారి ఎక్కించుకుపోరా” అన్నది. నేను నాయనవైపు చూశాను. ఆయన తన చేత్తోనే అమ్మకు హెల్మెట్టు పట్టీ బిగించారు. ఒక ఫర్లాంగు దూరం పోయి వచ్చాం. వెనకనుంచి నాయన కేక వినిపిస్తూనే ఉన్నది: “మెల్లిగా పోరా!”

ఇల్లు చేరాక బండిని కొట్టంలో నిలబెట్టి, అలవాటుకొద్దీ గోనెపట్టా అందుకున్నాను.

“అది పాతసామాన్లవాడికి ఇచ్చెయ్‌రా” అన్నారు నాయన.