పొడి అక్షరము వెనుకనున్న ఊరు

తెలుగువారికి ఇంటిపేరు ముందు, సొంతపేరు తరువాత. మేము ఆంధ్రదేశమున ఉపాధ్యాయ శిక్షణ పొందిన కాలమున హాజరుపట్టీలో ఇంటిపేర్లు పూర్తిగా వ్రాసి పిలిచెడివారు. బాగేపల్లి, చింతామణి ప్రాంతముల బాలబాలికలకు తెలుగు బోధింపవచ్చిన పిమ్మట, పేరునకు ముందు పొడి అక్షరములే మాకు కనబడినవి. అవి యేమని యడుగగా కొందరు తండ్రి పేరనిరి, కొందరు ఊరి పేరనిరి, పెక్కుమంది మిన్నకుండిరి.

ఈ జిల్లావారందరు నెరిగిన యొక పొడి అక్షరమును చూతము. సర్ ఎం. విశ్వేశ్వరయ్యగారు చిక్కబళ్ళాపురము చెంతనున్న ముద్దేనహళ్ళిలో జన్మించిరి. 1912 నుండి 1918 వరకు మైసూరు దివానుగా నుండిరి; 1955లో భారతరత్న బిరుదమందిరి. వారి పేరులోని "ఎం" అనగా మోక్షగుండం. అది వారి తండ్రిపేరు గాదు, పుట్టిన ఊరిపేరును గాదు. ఆంధ్రప్రదేశమున గిద్దలూరు ప్రాంతములోని యొక గ్రామము పేరు. వారి పూర్వులు తరముల క్రిందట అచ్చటినుండి మైసూరు సీమకు వలసవచ్చిరి.

గుండమనగా నీటి మడుగు. మన "గుంట"కు, కన్నడమున "గుండి"కి అది చుట్టము. మోక్షమొసగు మడుగు గల చోటని ఆ పేరునకు అర్థము చెప్పుకొనవచ్చును. ఊరిపేరు ఇంటిపేరగుట తెలుగువారిలో అరుదు గాదు.

"మీరు తెలుగువారా, కన్నడిగులా?" అని మన పిల్లల నడుగువారున్నారు. ఆ ప్రశ్నకు బిడ్డలు తలవంచుకొనుట మేము చూచితిమి. తలవంచ నక్కఱలేదు. విశ్వేశ్వరయ్యగారు కన్నడనాటికి తమ జీవితమును ధారవోసిరి. వారి వంశమువారు విడిచివచ్చిన తెలుగు పల్లె పేరును మాత్రము విడువలేదు. ఒకటి రెండవదానికి అడ్డు రాలేదు.

అయితే పొడి అక్షరము పేరును దాచునేకాని కాపాడదు. దాని పూర్తి రూపమెరిగిన పెద్దలు గతించినచో మిగులునది అక్షరమొక్కటే. అమ్మ పుట్టినింటి పేరునకు ఆ యక్షరమైనను లేదు.

కావున, విద్యార్థులారా! ఈ సెలవులలో మీ అవ్వను, తాతను అడుగుడు. మీ ఇంటిపేరు ఊరిని బట్టి వచ్చినదా, వృత్తిని బట్టి వచ్చినదా? అమ్మ ఇంటిపేరేమి? తెలిసినంతవరకు తెలుగులో పూర్తిగా వ్రాసికొని రండు. తల్లిదండ్రులారా! మీకు తెలిసినది బిడ్డలకు చెప్పుడు. వారు తెచ్చిన పేర్లను తరగతిలో ఒక్కొక్కటిగా చదివి, అర్థము విచారింతము.