మొలవని గింజ

పిల్లలూ! నేను అమీర్‌పేటలో హెడ్మాస్టరుగా ఉన్నప్పుడు మా సైన్సు తరగతికి ఒక గోడపత్రిక ఉండేది. చేసిన ప్రయోగం అందులో రాయాలి. మిగతావాళ్లు చదివి, కింద ప్రశ్నలు రాయాలి.

ఒకసారి ఒక అమ్మాయి, "నా చిక్కుడు గింజ మొలవలేదు" అని రాసింది. ఇన్‌స్పెక్టరుగారు వస్తున్నారని నేను ఆ కాగితం తీసేయబోయాను.

"జరిగింది అదే కదండీ, మాస్టారూ!" అన్నది.

నేను సిగ్గుపడి ఉంచేశాను. మర్నాటికి దానికింద ఎవరో, "గింజను పూర్తిగా నీళ్లలో ముంచి ఉంచావా?" అని అడిగారు. అవును, అదే పొరపాటు! ఈసారి తడిగుడ్డలో పెడితే మొలిచింది. గింజకు గాలి కూడా కావాలని అందరికీ తెలిసింది.

పంజగుట్టకు దగ్గరలో, బేగంపేటలో, రొనాల్డ్ రాస్ పేరిట పాత భవనం ఉన్నది. 1897 ఆగస్టు 20న ఆయన దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. అంతకుముందు రెండేళ్లు ఎన్ని దోమలను కోసినా అది కనపడలేదు.

కనక, కానిదీ రాయండి; నలుగురికీ చూపండి.